చిటారుకొమ్మన నలభై ఎనిమిది డిగ్రీలు

ఉదయం ఏడింటికే అక్క ఫోన్ చేసింది.

"మీ బావని మధ్యాహ్నం చెట్టెక్కించకే. మొన్న ఇంటికొచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కళ్లు తిరిగి ఒరిగిపోయాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెబుతున్నా."

"ఎక్కించనులే అక్కా" అంది చిట్టి. ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఎక్కించకూడదనుకుంది.

అడవి అంచున ఉన్న పరిశోధనా కేంద్రంలో, ఏ చెట్టు ఆకు ఎంత వేడికి ఓర్చుకుంటుందో కనిపెట్టడం చిట్టి పని. ఆకుల్లోంచి గుండీలంత ముక్కలు కత్తిరించి వేడినీళ్ల తొట్టెల్లో పావుగంట ముంచేది. ఒక తొట్టెలో నలభై నాలుగు డిగ్రీలు, పక్కదాంట్లో నలభై ఆరు, ఆ పక్కన నలభై ఎనిమిది. మర్నాటిదాకా వాటిని చీకట్లో ఉంచి, ఒక్కో ముక్క మీదా కాంతి పారించే యంత్రం పెట్టి, ఎండను వాడుకునే శక్తి ఎంత మిగిలిందో చూసేది. పైకి పచ్చగా నవనవలాడే ముక్కలో కూడా లోపల పని ఆగిపోయి ఉండొచ్చు. కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ ఆకులు కోసుకొచ్చేది బావ. యాభై దాటినా తాడు పట్టుకున్నాడంటే ఎక్కడా ఆగడు. కేంద్రంలో అందరూ ఉడత అని పిలుస్తారు.

మూడు వారాలుగా చినుకు లేదు. పెద్దచెట్టు చిటారుకొమ్మ ఆకులకు అతికించిన, వేడి కొలిచే వెంట్రుకంత తీగలు మధ్యాహ్నమయ్యేసరికి నలభై ఎనిమిది చూపిస్తున్నాయి. తొట్టెల్లో అదే చెట్టు ఆకులు నలభై ఏడు దగ్గరే సగం శక్తి పోగొట్టుకున్నాయి. నీళ్లు చాలనప్పుడు ఆకులు తమ సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి, ఇక చల్లబడే దారి లేక కాగిపోతాయి. పైన జరుగుతున్నది అదేనా, లేక తీగలే తప్పు చూపిస్తున్నాయా? చిట్టికి రెండు రోజులుగా కునుకు పట్టలేదు.

"నేనెక్కి కోసుకొస్తా" అన్నాడు బావ.

"సాయంత్రం ఎక్కుదువుగానిలే."

"చల్లబడ్డాక చూస్తే నీకేం తెలుస్తుంది?"

"అక్క ఫోన్ చేసింది బావా."

"అది రోజూ చేస్తుంది. ఇరవై ఏళ్లుగా నేను పడిపోతాననే దాని భయం. ఒక్కసారైనా పడి దాని మాట నిలబెట్టానా?"

చిట్టి నవ్వేసింది. వద్దని గట్టిగా అనాల్సింది. అనలేదు. ఆమెకు ఆ ఆకులు కావాలి.

పన్నెండున్నరకు బావ పైకొమ్మ చేరాడు. తాడు రెండో కొస చెట్టు మొదట్లో ఒక ఇనుప బిగింపులో ఉంది. ప్రమాదం వస్తే దాన్ని వదులు చేసి, కిందనుంచే మనిషిని దించొచ్చు. కానీ కదలకుండా పనిచేసుకోవడానికి బావ తన నడుం పట్టీని కొమ్మకు తగిలించుకున్నాడు. ఆ కొక్కెం విప్పితే తప్ప కింది తాడు ఎందుకూ కొరగాదు.

"పెనం మీద కూర్చున్నట్టుంది చిట్టీ" వాకీటాకీలో వినిపించింది. "ఆకుకి థర్మామీటర్ ఆనించి చూశా, నీ తీగలు నిజమే చెబుతున్నాయి. నలభై ఎనిమిది."

ఆమె గుండె సంతోషంతో ఎగిరింది. ఆ సంతోషానికి తర్వాత చాలాకాలం సిగ్గుపడింది.

"ఆకులు కోసుకుని దిగిపో."

ఐదు నిమిషాలు గడిచాయి.

"దిగుతున్నావా బావా?"

"నలభై ఎనిమిది."

"అది చెప్పావుగా. నీళ్లు తాగావా?"

"సీసా కింద పడిపోయింది." నాలుక మడతపడుతోంది.

బైనాక్యులర్లో చూస్తే సీసా అతని నడుముకే వేలాడుతోంది. కేంద్రానికి కబురందిస్తే, జీపు డ్రైవర్ ఇరవై నిమిషాల్లో వస్తానన్నాడు. పైనుంచి మాట ఆగిపోయింది. ఆమె బిగింపు వదులు చేసింది. తాడు ఊరికే వేలాడింది తప్ప మనిషి కదల్లేదు; మళ్లీ లాగి బిగించింది.

"బావా! పట్టీ విప్పు! బావా!"

ఎన్నిసార్లు అరిచినా ఉలుకూ పలుకూ లేదు. గొంతు పోతుండగా ఆమె నోట అబద్ధం వచ్చింది.

"బావా, అక్క వచ్చింది. ఇక్కడే నిలబడి ఏడుస్తోంది."

కాసేపటికి వాకీటాకీ గరగరమంది. "దాన్నెందుకు తెచ్చావే?"

"నిన్ను దిగమంటోంది."

"నాకేం కాలేదని చెప్పు."

"నువ్వే వచ్చి చెప్పు. నడుం కొక్కెం విప్పు. గడియారం ఉన్న చేతి వైపుది."

అతని చెయ్యి గాల్లో తడుముకుంటూ రొమ్ము దగ్గరికి వెళ్లింది. అక్కడున్నది తాడు కొక్కెం. అది విప్పితే ముప్ఫై అయిదు మీటర్ల కింద నేలే.

"అది కాదు! చెయ్యి తియ్యి! అక్క వద్దంటోంది!"

చెయ్యి ఆగింది. చెయ్యి మెల్లగా కిందికి జారి నడుం దగ్గర కదిలింది. ఒక్కసారిగా తాడు బరువెక్కింది. చిట్టి ఇంచీ ఇంచీ వదులుతూ దించింది.

నేలకు దిగినప్పుడు బావ ఒళ్లు సలసలా కాలుతోంది, చెమట చుక్క లేదు. "అదెక్కడ?" అన్నాడు. చిట్టి ఉన్న నీళ్లన్నీ అతని తలమీదా మెడమీదా పోసి, డ్రైవర్ వచ్చేదాకా చున్నీతో విసురుతూనే ఉంది.

ఆసుపత్రి వరండాలో అక్కకు దాచకుండా అంతా చెప్పింది. అక్క తిట్టలేదు. "మాటిచ్చావు కదే" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

బావ రెండు రోజులకు తేరుకున్నాడు. ఇక ఎత్తులు ఎక్కొద్దన్నాడు డాక్టరు. అతని సంచీలోని ఆకులను డ్రైవర్ చీకటి పెట్టెలో పెట్టించాడు. చూడాలా వద్దా అని చిట్టి చాలాసేపు తటపటాయించి, చివరికి యంత్రం పెట్టింది. ఎనిమిదింటిలో ఆరు చచ్చిపోయాయి. రెండు బతికే ఉన్నాయి. ఎందుకు బతికాయో ఆమెకు తెలియదు. కిందనుంచి చూస్తే చెట్టు ఎప్పటిలాగే పచ్చగా ఉంది.

పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ చెట్టెక్కకూడదని ఆమే కాగితం రాసి గోడకు అంటించింది.

అక్క నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తనే ఫోన్ చేసి, "ఆ మనిషి ఇంట్లో కూర్చుని నా ప్రాణం తోడేస్తున్నాడు. కింద ఉండి చేసే పనేదన్నా ఉంటే ఇప్పించు" అంది.

ఇప్పుడు చెట్టెక్కేది కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి. బావ చెట్టు మొదట్లో కూర్చుని తాడు చూసుకుంటాడు. మూడు నిమిషాలకోసారి ఆమెను ఏదో ఒకటి అడుగుతాడు, ఈవేళ ఏ వారమనో, పిల్లలు ఏ తరగతనో. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, అతనూ చిట్టీ ఇద్దరూ లేచి నిలబడతారు.