పావు చుట్టు వదులు

జహూర్ భాయ్ ఆ మాట అన్నది సోమవారం పొద్దున. రాఘవేందర్ ఆ టార్చిని పాడుచేసింది శుక్రవారం మధ్యాహ్నం. మధ్యలో అతనికి అన్నం సయించలేదు.

మాట చిన్నదే. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో జహూర్‌కు టార్చిలైట్ల కార్ఖానా ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడ ఉస్తాద్ అంటే రాఘవేందర్ ఒక్కడే. ఏడాది కింద ఎలక్ట్రానిక్స్ డిప్లొమాతో పనిలో చేరిన నవీనను జహూర్ సరదాగా ఛోటీ ఉస్తాద్, అంటే చిన్న ఉస్తాద్ అని పిలిచేవాడు. సోమవారం ఆమె బల్ల దగ్గర నిలబడి, “ఉస్తాద్, శుక్రవారానికి తయారైతదా?” అన్నాడు. ముందు ఛోటీ లేదు. తననే అడిగాడనుకుని రాఘవేందర్ తలెత్తి జవాబు చెప్పబోయాడు. జహూర్ ఇటు చూడనైనా లేదు.

శుక్రవారం నాలుగింటికి పంజాగుట్టలో పరీక్ష. ఎత్తయిన భవనాల్లో మంటలు లేస్తే మనుషుల్ని బయటికి తెచ్చే ఒక ప్రైవేటు కంపెనీకి రెండు వేల టార్చిలు కావాలి. కార్ఖానా నుంచి రెండు నమూనాలు వెళ్తున్నాయి, ఒకటి రాఘవేందర్‌ది, ఒకటి నవీనది. ఏది నెగ్గితే ఆ మనిషి చేతికే ఇకమీద డిజైన్లన్నీ ఇస్తానని జహూర్ అందరి ముందూ చెప్పాడు.

రాఘవేందర్ టార్చిలో సెల్ నుంచి కరెంటు ఒక రెసిస్టర్ దాటి నేరుగా ఎల్ఈడీకి పోతుంది. మొండిది, ఓ పట్టాన చెడిపోదు. కానీ సెల్ తగ్గేకొద్దీ వెలుగూ తగ్గుతుంది. నవీన రూపాయి బిళ్లంత బోర్డు తయారుచేసి టార్చి తలలో అమర్చింది. సెల్ తగ్గినా వెలుగు దాదాపు చివరిదాకా ఒకేలా నిలుస్తుంది. మరీ వేడెక్కితే బోర్డే వెలుగును తగ్గిస్తుంది. మంగళవారం రెండు టార్చిల్నీ గోడ మీదికి వేసి పక్కపక్కన పెట్టారు. గంట గడిచేసరికి అతని వెలుగు మసకబడింది. ఆమెది కదల్లేదు. ఆ తెల్లటి గుండ్రం ఇప్పుడు అతనికి కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది.

ఆమె పొగరుబోతు అయినా బాగుండేది. సందేహం వస్తే అతన్నే అడుగుతుంది. పనిమంతుడివంటూ పొగుడుతుంది. అతను తేనెమైనం కరిగించి స్వయంగా కలుపుకునే పసుపు గ్రీసును చూసి మాత్రం నవ్వేది. తను బజార్లో దొరికే తెల్లది వాడేది.

శుక్రవారం ఒంటిగంటకు జహూర్ నమాజుకు వెళ్లాడు. నవీన రెండు టార్చిల్నీ చెరొక గట్టి పెట్టెలో సర్ది, మిగతావాళ్లతో కలిసి అన్నానికి పోయింది.

టార్చిని ఎలా సర్దాలన్నది ఆ కార్ఖానాలో ఒక నియమం. పెట్టింది రాఘవేందరే. ముందు బటన్ నొక్కి వెలిగించాలి. తర్వాత అడుగు మూతను పావు చుట్టు వదులు చెయ్యాలి. గొట్టం మీద మూత తిరిగే గాడులే మరలు. వాటి మీది నల్లటి పూత కరెంటును పోనివ్వదు. గొట్టం చివరి అంచుకు ఒక్కదానికే పూత ఉండదు. మూత బిగిస్తే అంచు తగిలి టార్చి వెలుగుతుంది, పావు చుట్టు వదిలితే ఆరిపోతుంది. పొగలో, చేతికి గ్లౌజులుండగా బటన్ కోసం తడుముకోనక్కర్లేదు. తిప్పితే చాలు.

పూత పోతే మూత వదులుగా ఉన్నా మరల్లోంచే కరెంటు పారుతుంది.

రాఘవేందర్ తలుపు వైపు చూశాడు. నవీన పెట్టె తెరిచి, మూత విప్పి, సన్నటి ఆకురాయితో మరల మీది నలుపును గీకాడు. అడుగున అల్యూమినియం తెల్లగా బయటపడింది. ఆరు నిమిషాలు. రజను తుడిచాడు. అతని కళ్లు తలుపు మీదే ఉన్నాయి, చేతులు వాటి పని అవి ముగించాయి. మూత పావు చుట్టు వదులుగా ఉన్నా టార్చి భగ్గున వెలిగింది. దాన్ని స్పాంజిలో తలకిందులుగా గుచ్చి పెట్టె మూశాడు. వెలుగు చుక్క కూడా బయటికి రాలేదు. నాలుగయ్యేసరికి సెల్ ఖాళీ అవుతుంది.

మూడున్నరకు ముగ్గురూ మెట్రో ఎక్కారు. ఒక్క స్టేషనే. నవీన బ్యాగును ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి దాన్ని కాళ్ల దగ్గరికి దించి, ఎండకు బ్యాగు సుత కాలుతుందని నవ్వింది. రాఘవేందర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

తను పక్కనుంటే ఎవరో ఒకరి వైపు మొగ్గినట్టవుతుందని జహూర్ కింద ఇరానీ హోటల్లోనే ఆగిపోయాడు. మూడో అంతస్తులో కంపెనీ అధికారి రామ్మోహనరావు గది తెరలు దించి లైట్లార్పాడు. రాఘవేందర్ మూత బిగించగానే గోడ మీద వెలుగు పడింది. నవీన మూత బిగించింది. మిణుగురంత వెలిగి ఆరిపోయింది.

“ఏంటమ్మా ఇది? పొగలో మావాడి చేతిలో ఇలా చేస్తే వాడి గతేంటి?” అన్నాడు రామ్మోహనరావు.

ఒక్క నిమిషం అడిగి, ఆమె రాఘవేందర్ టార్చి వెలుగులోనే మూత విప్పింది. తెల్లబడ్డ మరల్ని చూసింది. వేలితో రాసి, వేలిని వెలుగులోకి తెచ్చింది.

పసుపు గ్రీసు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. పద్నాలుగేళ్లలో గ్రీసు పెట్టకుండా ఒక్క మూతా బిగించలేదు. ఇది కూడా.

నవీన అతని వైపు చూసింది. ఆ ఒక్క చూపులో ఆర్డరు, కార్ఖానా పేరు, తన బోర్డు అన్నీ లెక్కేసుకున్నట్టుంది. “నా తప్పే సార్. సర్దేటప్పుడు సరిగ్గ చూస్కోలె,” అంది.

రామ్మోహనరావు రాఘవేందర్ టార్చినే ఖాయం చేశాడు.

మెట్ల మలుపులో ఆమె ఆగింది. గొంతు పెంచలేదు.

“గీకితే గీకినవ్. గ్రీసెందుకు పెట్టినవ్ అన్నా? అది లేకుంటే పూత లేత్ మిషన్ల పోయిందనుకుందు.”

“పెట్టకుంటే మరలు అరుగుతయ్,” అన్నాడు.

ఆమె సెల్ తీసేసి, గొట్టాన్ని అతని చేతిలో పెట్టింది. “భాయ్‌కు నేనైతే చెప్ప. చెప్పుడా, దాచుడా నీ ఇష్టం,” అని ముందు దిగిపోయింది.

హోటల్ గుమ్మంలో జహూర్ రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. కబురు ఫోన్లో అప్పటికే అందింది. “ముబారక్ ఉస్తాద్,” అన్నాడు. ఛోటీ లేదు, మరొకరు లేరు. ఐదు రోజులుగా రాఘవేందర్ ఆకలిగొన్నది ఆ ఒక్క మాట కోసమే. జహూర్ భుజం మీదుగా చూస్తే నవీన లోపల బల్ల దగ్గర కూర్చుని, టిష్యూ కాగితంతో వేలు తుడుచుకుంటోంది. రుద్దిందే రుద్దుతోంది. ఆ గ్రీసు అంత తొందరగా వదలదు.

ఇప్పుడు గొట్టాన్ని జేబులో వేసుకుంటే అయిపోతుంది. కానీ ఆ బోర్డు అలాగే ఉంటుంది, ఆ తెల్లటి వెలుగూ ఉంటుంది, పిల్ల రోజూ ఎదురుగా కూర్చుంటుంది.

గొట్టాన్ని జహూర్ అరచేతిలో పెట్టాడు.

జహూర్ బొటనవేలు మరల మీద ఒకసారి నడిచింది. పసుపంటిన వేలిని చూసుకున్నాడు. నవీన వైపు చూశాడు.

“పైకి పోయి రావు సార్‌కు నువ్వే చెప్పు, రాఘవేందర్,” అన్నాడు.

పద్నాలుగేళ్లలో అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. రాఘవేందర్ వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.