నడికట్టుకు కనబడని సవతి

నేను ఒక గుడ్డ చీలికను. చీలిక అన్నానని చిన్నచూపు చూడకండి, ఒకప్పుడు నిండు చీరను. చిలకపచ్చ ఒళ్ళు, ఆవపువ్వు రంగు అంచు. నన్ను నేసినాయన మగ్గం మీద నుంచి దించుతూ మెత్తదనం చూద్దామని చెంపకు ఆనించుకున్నాడు. నేను పొంగిపోయేలోపే పక్క మగ్గం మీది జరీ చీరను కూడా అలాగే చెంపకు ఆనించుకున్నాడు. నాలో కుళ్ళు పుట్టింది ఆ రోజే. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది.

గోదావరి పక్క ఊళ్ళో ఉండే పేరంటాలు అనే ఆవిడ నన్ను కొనుక్కుంది. ఆవిడ ఒంటిమీద ఎండకి ఎండి, కాలవ రేవులో బండకి తగిలి తగిలి వెన్నలా అయ్యాను. ఆవిడకి నెలలు నిండాక వాళ్ళమ్మ నన్ను నిలువునా పర్రున చింపింది. ఒక సగం నేను, రెండో సగం నా చెల్లెలు. చెల్లెల్ని దూలానికి వేసి ఉయ్యాల కట్టారు. నన్ను బాలింత పొట్ట చుట్టూ బిగించారు. మా వైపు దాన్ని నడికట్టు అంటారు. కాన్పయిన ఆడదాని పొట్ట జారిపోకూడదని, నడుం నిలబడాలని కడతారు. చెల్లెలు పొద్దస్తమానం జోలపాటలు వినేది. నేను మిరియాల చారు లోపలికి వెళ్ళాక కడుపులో అయ్యే గుడగుడలు వినేదాన్ని. ఒకే నూలుకి పుట్టిన ఇద్దరికీ ఇంత తేడా ఏమిటని ఏ మనిషికీ అనిపించలేదు.

అయితే పేరు మాత్రం నాకే వచ్చింది. వీధిలో ఎవరు కన్నా పేరంటాలు నడికట్టు కోసం వచ్చేవాళ్ళు. ఆ గుడ్డది చేతివాసి అనేవాళ్ళు. పొట్ట తగ్గితే నా గొప్ప. తగ్గకపోతే ఆ పిల్ల పత్యం సరిగా చెయ్యలేదు. మనుషుల న్యాయం నాకు బాగా నచ్చిన సందర్భం అదొక్కటే.

చివరికి నేను మా నాగసుధ దగ్గరికి వచ్చాను. పేరంటాలు కడుపున పుట్టిన పిల్లే, నా చెల్లెలి ఒళ్ళో ఊగిన పిల్ల. ఆమె కాన్పు కష్టమైంది. బిడ్డ పెద్దది, కుట్లు పడ్డాయి. నన్ను కట్టుకున్న కొద్ది రోజులకే ఒకసారి తుమ్మింది. తుమ్మి అలాగే నిలబడిపోయింది. నా అంచు తడిసింది. మొదట బిడ్డ పోసిందేమో అనుకుంది. బిడ్డ ఉయ్యాలలో ఉంది.

చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. దగ్గినా, బిందె ఎత్తినా, నవ్వినా చుక్క ఆగేది కాదు. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా జారుతున్నట్టు ఉండేది. చివరికి తల్లికి చెప్పింది.

"బిడ్డని కన్నాక కొన్నాళ్ళు అలాగే ఉంటదే. కట్టు వదులైపోయుంటది, ఇంకా బిగించు. పైన బిగిత్తే లోపలయ్యన్నీ పైకి పోతాయి" అంది పేరంటాలు. మోకాలు ఆనించి మరీ లాగి ముడి వేసింది. నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఈ ఇంట్లో ఏ కష్టమొచ్చినా నన్నే బిగిస్తారు.

బిడ్డకు బోర్లాపడడం వచ్చాక నాగసుధ మళ్ళీ పనికి వెళ్ళింది. ఆమె పని పూతరేకులు తీయడం. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పలచని తెల్లగుడ్డను బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, కుండ మీద అలా పరిచి తీస్తే, పొర లాంటి రేకు లేస్తుంది. ఆ తెల్లగుడ్డ మీద నాకు ఎంత మంటో. నిప్పు పక్కన, తీపి పక్కన, అందరి కళ్ళ ముందు ఉంటుంది. నేను చీర మాటున చెమటలో ఉంటాను.

ఆ పాకలో పొగ ఉంటుంది, పొగకి దగ్గు వస్తుంది. పైగా వీరమణి అని పెద్దావిడ ఒకత్తి ఉంది. మనవలున్న మనిషి. నోరు తెరిస్తే హాస్యం.

"ఏవే నాగసుధా, మాటిమాటికీ లేత్తున్నావు, కుండ కాలుత్తుందా, మొగుడు పిలుత్తున్నాడా" అనేది. అందరూ పడిపడి నవ్వేవాళ్ళు. నాగసుధ పెదవులు బిగబట్టి కాళ్ళు దగ్గరికి లాక్కునేది. చేసేది తినే వస్తువు. చేయించే యజమానురాలు శుభ్రం విషయంలో కత్తి లాంటి మనిషి. చిన్న వాసన వచ్చినా రేపటి నుంచి రావద్దంటుంది. ఆ భయంతో నాగసుధ నీళ్ళు తాగడం మానేసింది. నిప్పు ముందు కూర్చుని నోరెండబెట్టుకుంది. దాంతో మలబద్ధకం వచ్చింది, ముక్కడం ఎక్కువైంది, కారడం మరీ ఎక్కువైంది. పని మానేస్తానని ఒకరోజు తల్లితో అంది. ఆ పని తప్ప ఆమెకు చేతనైంది లేదు. బడి ఏడో తరగతిలోనే ఆగిపోయింది. రేకు తీయడంలో మాత్రం ఆమె చేతికి ఊళ్ళో పేరుంది. ఆ పేరు పోతుందేమోనని ఆమె బెంగ. నన్ను ఇంకో చుట్టు బిగించుకుంది.

బిడ్డకు టీకా వేయించడానికి వెళ్ళిన రోజున నర్సమ్మ బిడ్డ బరువు చూసి, "పిల్ల బాగుంది. నువ్వెలా ఉన్నావమ్మా" అని అడిగింది. కాన్పయ్యాక ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. నాగసుధ కళ్ళ నీళ్ళతో తుమ్ము దగ్గర నుంచి అన్నీ చెప్పింది. అంతా విని నర్సమ్మ ఆమెను పట్నంలో ఆసుపత్రికి పంపింది. అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేసి, మందులు కాదు, ముందు ఫిజియోథెరపీ అని పక్కగదికి పంపింది.

అక్కడే నాకు సవతి ఎదురైంది.

ఆ గదిలో రిబ్కా మేడం అని ఒకావిడ. చేతిలో కీలు కట్టిన నడుం ఎముకల బొమ్మ ఒకటి. నాగసుధ నన్ను విప్పి కుర్చీ మీద పెట్టింది. మేడం నన్ను చూసింది, పొట్ట మీద నేను వేసిన ఎర్రని గీతలు చూసింది.

"ఇంత గట్టిగానా? పేస్టు ట్యూబుని నడిమికి నొక్కితే ఏమవుద్దమ్మా?"

"కిందకి వచ్చేత్తదండి."

"అదే అవుతోంది. పైనుంచి పిండితే బరువంతా కిందకే. నడుముకి ఆసరాగా వదులుగా కట్టుకుంటే తప్పులేదు. దీని పని అంతవరకే."

దీని పని. నా పేరు కూడా కాదు. నా చేతివాసి గురించి చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు.

తరువాత ఆవిడ ఎముకల బొమ్మ కింద తన అరచేతిని దోసిలిలా పట్టింది. "ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఇలా కండరాలు కట్టి ఉంటాయి, ఉయ్యాలగుడ్డలాగా. మూత్రసంచి, గర్భసంచి, మలం దారి, అన్నీ దీని మీదే. బిడ్డ దీన్ని సాగదీసుకుని వచ్చింది. నీదేం తప్పు కాదు, నీ ఒక్కదానికే రాలేదు. సాగింది కాబట్టి మళ్ళీ బలం తెచ్చుకోవాలి."

ఉయ్యాలగుడ్డ అట. ఒక ఉయ్యాలతోనే జీవితమంతా వేగాను. ఇప్పుడు ఇంకొకటి. అదీ లోపల, కనబడకుండా, నేను రాకముందు నుంచే ఆమెతో ఉన్నది. పెళ్ళయి పాతికేళ్ళు కాపురం చేశాక మొగుడికి ముందే ఒక పెళ్ళాం ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో, నాకు అలా ఉంది.

మేడం ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాకే తెర వేసి, చేతికి తొడుగు వేసుకుని చూసింది. నేను తెరకు ఇవతల కుర్చీ మీద ఉండి వినడమే.

"గాలి రాకుండా ఆపుకుంటావు చూడు, మూత్రం ఆపుకుంటావు చూడు, ఆ రెండూ కలిపి లోపలికి, పైకి తీసుకో. ఊపిరి ఆపకు. పిరుదులు బిగించకు. అయ్యో, పైకి తియ్యమంటే కిందకి తోస్తున్నావు."

"కాన్పప్పుడు అందరూ తొయ్యి తొయ్యి అన్నారండి. అదే వత్తంది."

మేడం నవ్వింది. "ఇప్పుడు దానికి ఎదురు పని. పైకి... అదీ. కదిలింది. ఇప్పుడు పూర్తిగా వదిలెయ్యి. వదలడం కూడా పనే."

అది కదిలిందని తెరవతల ఎంత సంబరమో. ఇన్నేళ్ళలో నేను కదిలినందుకు ఎవరూ సంబరపడలేదు. నేను కదలకుండా ఉంటేనే మెచ్చుకున్నారు.

ఆవిడ ఇంకా చాలా చెప్పింది. నీళ్ళు తాగమంది. తాగకపోతే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా చికాకు పెడుతుందట. దొడ్డికి కూర్చున్నప్పుడు ముక్కొద్దంది. తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు ఒక్కసారి పైకి బిగించుకోమంది. రోజూ చెయ్యాలి, ఫలితం కనబడడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, మధ్యలో మానెయ్యకని గట్టిగా చెప్పింది. తగ్గకపోతే వేరే దారులున్నాయి, భయం లేదంది.

ఇంటికి వచ్చాక పేరంటాలు మూతి ముడిచింది. "కూకుని ఊపిరి తీసుకోడం కూడా వైద్దెవేనా. మా కాలంలో కట్టుతోనే లేచి తిరిగాం" అంది. నా పక్షాన మాట్లాడిన చివరి మనిషి ఆవిడే. "తిరిగావు గానీ అమ్మా, నీకు కారేదా లేదా" అని నాగసుధ అడిగింది. పేరంటాలు బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

ఆ తరువాత నన్ను వదులుగా కట్టింది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. నేను దండెం మీదికి చేరాను. నా కళ్ళ ముందే బిడ్డకు పాలిస్తూ కళ్ళు మూసుకుని లోపలి దానితో ముచ్చట్లు పెట్టేది. ముఖంలో ఏమీ కనబడదు, పెదవి కదలదు. ఇద్దరికీ మధ్య ఏం నడుస్తోందో పక్కనున్నవాళ్ళకి తెలియదు. నన్ను కట్టుకుంటే ఊరందరికీ తెలిసేది. దాన్ని బిగిస్తే దేవుడికి కూడా తెలియదు. కుళ్ళుకోక ఏం చెయ్యను.

మొదట్లో తేడా ఏమీ లేదు. ఒకరోజు ఏడ్చింది కూడా. నేను దండెం మీద కాస్త ఊగాను, గాలికే అనుకోండి. కానీ మరుసటి రోజు మళ్ళీ మొదలుపెట్టింది. పాకలో రేకు లేచేటప్పుడు తనూ లోపల ఒకసారి పైకి ఎత్తేదట. ప్రతి రేకుకూ ఎత్తితే కండరాలు అలిసిపోతాయి, కొన్నిటికి చాలని మేడం ఫోన్‌లో చెప్పిందట. ఇవన్నీ తల్లితో చెబుతుంటే విన్నాను. తెల్లగుడ్డ మాత్రం అక్కడే ఉండి చూస్తోంది.

వానలు పట్టేనాటికి ఒక సాయంత్రం నాగసుధ గుమ్మంలోకి వస్తూనే, "అమ్మా, ఇయ్యాల వీరమణక్క ఏదో అంది, కడుపు చెక్కలయ్యేలా నవ్వేను. ఏం కాలేదు" అంది. కాళ్ళు కడుక్కుంటూ, "మధ్యలో ఒక్క చుక్క. అంతే" అని నిజం చెప్పింది. ఆ నవ్వు నేను చూడలేదు. నన్ను కట్టుకున్న రోజుల్లో ఆమె మనసారా నవ్వలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. నవ్వుతూ చుట్టూ చూస్తే, నవ్వించిన వీరమణి మాత్రం అప్పటికే లేచి మట్టలు తెచ్చే నెపంతో బయటికి పోయిందట. ఆలోచిస్తే ఎప్పుడూ అంతే. హాస్యమాడుతుంది, తను మాత్రం నవ్వదు.

ఆదివారం నాడు నాగసుధ వీరమణిని ఇంటికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. చెవిలో ఏమని అడిగిందో ఏమో, వీరమణి మొదటిసారి హాస్యం పక్కన పెట్టింది. తరువాత మెల్లగా, "మా చిన్నోడు పుట్టినప్పట్నించేనే. ఆడికిప్పుడు ఇద్దరు పిల్లలు. నాకింకేం తగ్గుతదే" అంది.

"ఈ వయసులో కూడా బలం వత్తదని మేడంగారన్నారక్కా. ముందు ఆవిడకి చూపించుకుందాం, నేనూ వత్తాను. ఇది ఎలాగుంటదో చూడు" అంటూ నాగసుధ లేచి, దండెం మీద నుంచి నన్ను లాగింది.

ఎన్ని నెలలకో నా మీద ఆ చెయ్యి పడింది. ఒక కొస వీరమణికిచ్చి, ఒక కొస తను పట్టుకుని, నడిమిన ఒక కొబ్బరికాయ పెట్టింది. వదులు చేస్తే నేను కిందికి జారాను. ఇద్దరూ లాగితే కాయతో సహా పైకి లేచాను. "లోపల కండ ఇలాగే అక్కా. ఇప్పుడు నీ దాన్ని లేపు. ఊపిరాపకు, నిప్పు ఊదినట్టు ఉఫ్ అని వదులు." నా ఒంటి మీద పెట్టి సవతి కథ చెబుతోంది. అయినా సరే, నన్ను పట్టుకుంది కదా అని ఊరుకున్నాను.

వీరమణి కళ్ళు మూసుకుంది. నుదురు ముడతలు పడింది, మళ్ళీ విచ్చుకుంది. "ఏవోనే... కదిలినట్టుందే" అంది. ఆ మాటతో పాటు ఆమె చేతిలోని నా కొస జారిపోయింది. కొబ్బరికాయ దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. నేను నేలమీద పడ్డాను.

నన్ను తీసేవాళ్ళు లేరు. నాగసుధ కూడా కళ్ళు మూసుకుంది. అంతదాకా నాకు ఒక్కతే సవతి. ఇప్పుడు ఇద్దరు.