పురుటి గదిలో దెబ్బ

డెబ్బయ్యేడు తుపాను వెళ్లిన మరుసటేడు, పెద్దాసుపత్రి పురుళ్ల వార్డులోకి రౌండ్సుకొచ్చిన డాక్టరమ్మ, "ఏమ్మా, బాగున్నావా?" అని అడిగింది. పచ్చి బాలింత కరుణ, "బాగానే ఉన్నానండి, కానీ మీ నర్సమ్మగారు నన్ను కొట్టారండి" అనేసింది.

అత్త దీనమ్మకి గుండె ఆగినంత పనైంది. మనవణ్ణి చేతిలో పెట్టినందుకు ఆ నర్సమ్మకే ఇద్దామని, గోదావరి అవతలి నుంచి పంటు మీద తెచ్చిన అరటిపళ్ల అత్తం చేతిలో అలాగే ఉండిపోయింది. నొప్పులప్పుడు అరిచినదాన్ని కొడతారు, దెబ్బ పడితేనే బిడ్డ కిందికి దిగుతుంది. ఆ సంగతి ఎవరికి తెలియదు? దానికి కూడా ఫిర్యాదేంటి!

"నోర్ముయ్యవే!" అంది పళ్లు బిగించి.

కరుణ మూయలేదు. చీర పక్కకి తీసి, తొడ మీద కమిలిన ఐదు వేళ్లూ చూపించింది. డాక్టరమ్మ మిగతా మంచాల వైపు తిరిగింది.

"ఇంకెవరినైనా కొట్టారా?"

వార్డంతా నేల చూపులు చూసింది.

"నన్నూ కొట్టారండి" అంది ఓ గొంతు. అది తనదేనని తెలిసి దీనమ్మే నివ్వెరపోయింది. "ఈ పిల్ల మొగుడు, మా రాజరత్నం పుట్టినప్పుడండి. ఇన్నేళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదండి."

ఒక్కొక్క మంచం మీంచీ చెయ్యి లేచింది.

ఆ రోజు నుంచే పురుటి గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది. మొదట వెళ్లింది దీనమ్మే, నా అన్నవాళ్లెవరూ లేని ఓ కూలిపిల్లకి తోడుగా. పిల్ల కేక పెట్టింది. కొట్టడానికి నర్సమ్మ చెయ్యి లేచింది. దీనమ్మని చూసి, ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.