నినాంగ్ బొటనవేలు

మూడో తరగతిలో ఉన్నప్పుడు పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని వాంతి. రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయించే వాసన వంటింట్లోంచి రాగానే నా కడుపు తిరిగేది. వెదురు మెట్లు దిగి పరుగెత్తి అరటి చెట్ల మొదట్లో కక్కేదాన్ని. ఖాళీ కడుపులోంచి ఏమొస్తుంది, పచ్చటి నీళ్లు. మా కోళ్లు కూడా అలవాటుపడి నన్ను చూడగానే పక్కకి జరిగేవి.

అమ్మ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. నర్సు నులిపురుగులంది, మందిచ్చింది. పురుగులైతే పడ్డాయి గానీ వాంతులు ఆగలేదు. మా లోలా, అంటే అమ్మమ్మ, అల్లం మరిగించి తాగించింది. జామాకు నలిపి ముక్కు దగ్గర పెట్టింది. చివరికి ఒకరోజు చేటలో బియ్యం ఏరుతూ అమ్మని అడిగింది.

"శని ఆదివారాలు ఈ పిల్ల ఎందుకు కక్కదే రొసెండా?"

ముసలావిడ సరైన ప్రశ్నే అడిగింది. జవాబే తప్పు చెప్పింది.

"బడి తెరిచిన రోజు లియోనిలా దీన్ని చూసి, అబ్బ ఎంత ముద్దొస్తోందో అంటూ బుగ్గ గిల్లలా? ఆవిడ రక్తం బరువు. ఉసోగ్ తగిలింది. రోజూ ఆ ముఖం చూస్తుంది, రోజూ తగుల్తుంది."

ఉసోగ్ అంటే పలకరింపుతో తగిలే దిష్టి, దానికి మందుల షాపులో మందు దొరకదు. ఎవరి పలకరింపు తగిలిందో వాళ్లే వచ్చి, బొటనవేలు ఉమ్మితో తడిపి, పిల్ల పొట్ట మీద సిలువ గీయాలి. తగిలించినవాళ్లని ఎవరూ తప్పు పట్టరు. కావాలని చేసేది కాదు కదా.

లియోనిలా మా క్లాసు టీచరు. అమ్మకి చిన్నప్పటి నుంచి ప్రాణస్నేహితురాలు. జ్ఞానస్నానం నాడు నన్ను చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతల్లి కూడా ఆవిడే. అందుకని ఇంట్లో నినాంగ్, బళ్లో మేడమ్. అమ్మా ఆవిడా ఒకరినొకరు 'మారే' అని పిలుచుకునేవారు. పిల్ల జ్ఞానస్నానంతో కలిసిన చుట్టరికం మా వైపు తోబుట్టువుల కంటే ఎక్కువ. నన్ను ఆవిడ క్లాసులో వేయించడానికి అమ్మ హెడ్మాస్టరు చుట్టూ తిరిగింది. సొంత మనిషి కళ్ల ముందుంటే బెంగ ఉండదంది.

ఆ సొంత మనిషి ఏం చేసేదో చెబుతాను.

లియోనిలా మేడమ్ అంటే ఊళ్లో అందరికీ ఇష్టం. సరదా మనిషి. బెత్తం పట్టేది కాదు, నవ్వించేది. క్లాసంతా నవ్వాలంటే ఎవరో ఒకరు దొరకాలి కదా. పరాయి పిల్లల్ని అంటే వాళ్ల తల్లులు గేటు దగ్గరికి వచ్చి దులిపేస్తారు. నన్నంటే ఎవరొస్తారు? నేను సొంత పిల్లని.

ఒకరోజు గోడకి లుజోన్ దీవి పటం తగిలించింది. "ఇది ఎవరు గీయగలరు?" అని అడిగి, ఎవరూ చెయ్యెత్తక ముందే తనే చెప్పింది. "మన ఇసాయ్‌ని అడగండర్రా. రోజూ రాత్రి చాప మీద గీస్తుంది."

అర్థం కావడానికి పిల్లలకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక బెంచీలు ఊగిపోయాయి.

ఇంకోరోజు నేను ఆవలించాను. "అమ్మ పాత గౌను ముక్క కనబడలేదా రాత్రి? అది వాసన చూడకపోతే నిద్ర రాదు కదూ పాపాయికి?" అంది. మళ్లీ నవ్వులు. పక్కన కూర్చునే నింఫా నా మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చింది.

ఇవన్నీ ఆవిడకి ఎలా తెలుస్తున్నాయి? నేను చెప్పుకున్నది ఒక్క మనిషికే. సాయంత్రాలు అమ్మ మా ఇంటి మూడో మెట్టు మీద కూర్చునేది. నేను ఒక మెట్టు కింద కూర్చుని తల ఆమె ఒళ్లో పెట్టేదాన్ని. పేలు చూసేది. అమ్మ గోళ్లు తలలో మెల్లగా కదులుతుంటే లోపలున్న మాటలన్నీ వాటంతటవే బయటికొచ్చేవి. పక్క తడిసిందన్నా తిట్టేది కాదు. "పోనీలే, ఎండలో వేద్దాం" అనేది. నాన్న సరుకు ఓడ మీద ఎక్కడో తిరుగుతుండేవాడు. నాకు ఆ మెట్టూ ఆ ఒడీ తప్ప వేరే దిక్కు లేదు.

ఇది చదివేవాళ్లకి ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. కానీ నాకు ఎనిమిదేళ్లు. అమ్మ మీద అనుమానం నాకు రాలేదు. నినాంగ్ కళ్లలోనే ఏదో ఉందనుకున్నాను. లోలా ఆవిడ రక్తం బరువు అంది కదా, అదేననుకున్నాను. బొటనవేలి వైద్యం మొదలయ్యాక ఇక సందేహమే లేకపోయింది.

రోజూ బడికి వెళ్తూ ఆవిడ మా గేటు దగ్గర ఆగేది. అమ్మ నా చొక్కా పైకెత్తి పట్టుకునేది.

"కదలకే. నినాంగ్‌కి ఆలస్యమవుతుంది."

"నా బంగారానికి నా వల్లే ఎంత కష్టం వచ్చిందో," అంటూ ఆవిడ బొటనవేలు నాలుక మీద రాసుకుని నా బొడ్డు పైన సిలువ గీసేది. వేలు వెచ్చగా, జిగటగా ఉండేది. దాన్ని పొట్ట మీద నొక్కి పెట్టి నా ముఖంలోకి చూసి నవ్వేది. లోపలున్నవన్నీ ఆ వేలు చదివేస్తోందని నేను బిగుసుకుపోయేదాన్ని. బళ్లో జరిగేది అమ్మతో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే, చెప్పానన్న సంగతి కూడా వేలికి తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను.

నాన్న నుంచి చాలా రోజులు కబురు లేదు. ఒక సాయంత్రం మెట్టు మీద ఏడ్చాను. నాన్న ఇక రాడేమోనని, అక్కడెక్కడో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడేమోనని. పెద్దవాళ్లు గుసగుసలాడితే విన్న మాటలు అవి. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

ఆ వారమే క్లాసులో నాన్న గురించి రాయమన్నారు. నేను పెన్సిల్ పట్టుకోగానే మేడమ్ వచ్చి నా తల నిమిరింది.

"నువ్వు రాయకులే ఇసాయ్. నాన్న ఇంకో ఇల్లు పెట్టుకున్నాడేమోనని ఎంత ఏడ్చావో పాపం."

నిజంగా జాలిపడే అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బెల్లు కొట్టాక నింఫా దగ్గరికొచ్చి, "మీ నాన్నకి రెండో పెళ్లామా?" అని అడిగింది. మర్నాడు పొద్దున నేను అరటి చెట్ల దాకా కూడా వెళ్లలేకపోయాను. మెట్ల మీదే కక్కేశాను.

నా బుర్రలో మొదటి అనుమానం పుట్టించింది కొబ్బరి లౌజు. పక్కింట్లో రాత్రి ప్రార్థనల జాగరణకి ఇవ్వాలని లోలా బెల్లం కొబ్బరితో ఉండలు చేసి డబ్బాలో పెట్టింది. నేను సగం తినేసి మూత పెట్టేశాను. లోలా పిల్లిని తిట్టింది. మర్నాడు వేలు నా పొట్ట మీదికి వచ్చినప్పుడు భయంతో కళ్లు మూసుకున్నాను. తిన్న ఉండలు సరిగ్గా ఆ వేలి కిందే ఉన్నాయి మరి. క్లాసులో రోజంతా ఎదురుచూశాను. మేడమ్ నన్ను ఏమీ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు.

లౌజు సంగతి నేను అమ్మకి చెప్పలేదు.

ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఒకసారి వచ్చాక అది పోలేదు. తేల్చుకోవడానికి నాకు ఒకటే దారి తోచింది. అమ్మకి ఒక అబద్ధం చెప్పాలి. పొట్టలో ఉండేది నిజం, అమ్మ దగ్గరుండేది అబద్ధం. వేలు చదివేదైతే నిజం బయటికొస్తుంది. లేకపోతే లేదు.

ఆ సాయంత్రం తల ఒళ్లో పెట్టుకుని అన్నాను. "అమ్మా, నీకొక్కదానికే ఒకటి చెబుతా. ఎవరికీ చెప్పకూడదు."

"ఎవరికి చెబుతానే?"

"ఒట్టు పెట్టు."

అమ్మ నవ్వుతూ వెనక్కి తిరిగి, కిటికీలోంచి కనిపించే బాల యేసు బొమ్మని చూసి గుండెల మీద సిలువ గీసుకుంది. "బాల యేసు మీద ఒట్టు. చెప్పు."

"నేను పెద్దయ్యాక మఠంలో చేరి సిస్టరమ్మనవుతాను."

నా తలలో గోళ్లు ఆగిపోయాయి. మెడ మీద వెచ్చగా ఒక చుక్క పడింది. "నా తల్లీ" అంటూ అమ్మ నా తల మీద ముద్దు పెట్టుకుంది. ఆమె అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. అబద్ధమని చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. పడుకునే ముందు బాల యేసుని బతిమాలుకున్నాను, తప్పు ఆ వేలిదే కావాలని, అమ్మది కాకూడదని.

పొద్దున నినాంగ్ వచ్చింది. సిలువ గీసింది. నేను అరటి చెట్ల దగ్గర వంగి ఉండగా అమ్మ ఆవిడతో పాటు వీధిలోకి నడిచింది. ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. అమ్మ అరచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. మారేలు ఏవేవో మాట్లాడుకుంటారు, నా గురించే అని ఏముంది అనుకున్నాను.

నేను క్లాసులో అడుగు పెట్టగానే మేడమ్ చప్పట్లు కొట్టింది.

"అందరూ లేవండర్రా. సిస్టర్ ఇసాయ్ గారు వేంచేశారు. వరసగా వచ్చి దీవెన తీసుకోండి."

మా వైపు పెద్దవాళ్ల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. పిల్లలు ఒకళ్లని ఒకళ్లు తోసుకుంటూ వరస కట్టారు. ఒక్కొక్కళ్లే వచ్చి నా చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నారు. నింఫా మోకాళ్ల మీద పడి "సిస్టర్, నా పాపాలు" అంది. మేడమ్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నేను చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను. ఏడుపు రాలేదు, వాంతి కూడా రాలేదు. మేడమ్ మీద కోపం కూడా రాలేదు, నిజం. ఆవిడ నాకేమీ ఒట్టు పెట్టలేదు.

మర్నాడు లేచాను. వెల్లుల్లి అన్నం వాసన వచ్చింది. పళ్లెం నిండా పెట్టించుకుని తిన్నాను. లోలా సిలువ గీసుకుంది. అమ్మ ఆనందం పట్టలేక కొబ్బరాకులో బియ్యపు రొట్టె కాల్చి గేటు దగ్గర ఆగిన నినాంగ్‌కి పట్టుకెళ్లి ఇచ్చింది. "నీ చెయ్యి చల్లన మారే, పిల్ల తేరుకుంది" అని వాకిట్లోనే అంటుంటే విన్నాను.

సాయంత్రం అమ్మ మూడో మెట్టు మీద కూర్చుని పిలిచింది.

"రావే, పేలు చూస్తాను."

"పేలు లేవమ్మా" అన్నాను.

అమ్మ చెడ్డది కాదు. నా గురించి ఒక మాట ముందే తెలిస్తే మారే బళ్లో నన్ను ఇంకా బాగా చూసుకుంటుందనుకుంది. మొగుడు ఊళ్లో లేని మనిషి, గుండెలో మాట చెప్పుకోవడానికి ఆమెకీ ఎవరో ఒకరు కావాలి. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అర్థమైతే మాత్రం ఏం లాభం, తల మళ్లీ ఆ ఒడిలోకి వెళ్లలేదు.

కొన్నేళ్లకి నేను పెద్దమనిషినయ్యాను. అలాంటప్పుడు మా వైపు తల్లే పిల్లని మూడో మెట్టు మీంచి దూకించాలి, నెలనెలా మూడు రోజుల్లో తేలిపోతుందని. ప్రతి తల్లీ ఎదురుచూసే ముచ్చట అది. నేను చెప్పలేదు. అంతా అయిపోయాక, ఉతికే బట్టల్లో అమ్మకి తెలిసింది. సబ్బు చేతులతోనే వచ్చి మెట్టు మీద కూలబడింది.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"మర్చిపోయాను."

"ఇలాంటిది ఎవరైనా మర్చిపోతారా? నాకు చెప్తే నేనెవరికైనా చెప్తానా? నీ మీద ఒట్టు, బాల యేసు మీద..." అంటూ తడి చెయ్యి గుండెల మీదికి ఎత్తింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దమ్మా, ఒట్టు పెట్టకు" అన్నాను.