మడమ కింది పరుపు

నాకు ఓపిక తక్కువని ల్యాబులో అందరికీ తెలుసు. మేనత్త మడమ మీది పుండు మానడం లేదని వినగానే, ఆమె చర్మంలోంచి చిన్న ముక్క తెప్పించి కణాలు పెంచడం మొదలుపెట్టాను. కుట్టుమిషను తొక్కి నన్ను పెంచింది ఆమే. పాడు పుండు మిషను తొక్కే కుడి కాలికే వచ్చి చచ్చింది.

అత్త ముసలి కణాలు గాజు డిష్‌లో కదల్లేదు. కణాలు ఊరికే ఉండవు, తమ చుట్టూ సన్నటి పోగులతో పరుపు అల్లుకుంటాయి. వయసు మీద పడేకొద్దీ ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుపోతాయి. మా ల్యాబులో పసిబిడ్డల చర్మ కణాలను కడిగేసి, అవి అల్లిన పరుపును మాత్రం డిష్‌లో ఉంచుకుంటాం. అత్త కణాలను దాని మీద వేశాను. వయసు మరిచిపోయినట్టు డిష్ నిండా పాకాయి. సంబరం పట్టలేక ఫోన్ చేసి, "కాలికేం కాదు, కొత్త చర్మం తయారవుతోంది" అని చెప్పేశాను. ఆవిడ వీధంతా చెప్పుకుంది.

అంతా విని మా ల్యాబు మేడమ్ ఒకటే అడిగింది. "పసి పరుపు మీద పెరిగాయి, సరే. రేపు వాటిని అతికించేది ఆవిడ ఒంటికి కదా. ఆవిడ ఒంట్లోని ముసలి పరుపు మీద వేసి చూశావా?"

వేయలేదు. డిష్‌లో పెరిగితే చాలనుకునే తెలివి మా ల్యాబు వాళ్లకే ఉంటుంది. అత్త చర్మంలో మిగిలిన ముక్కలోంచి కణాలు కడిగేసి, ఆ పాత పరుపు మీద మా కొత్త కణాలను వేశాను. మొదట పాకాయి. తర్వాత ఒక్కొక్కటే చదునై ఆగిపోయాయి. కొన్నాళ్లకే మళ్లీ ముసలివైపోయాయి.

వెళ్లేసరికి అత్త మిషను ముందే ఉంది. జరిగింది చెప్పాను.

"నీ కణాలు మంచివే కదే?"

"మంచివే అత్తా."

"మరి చెడ్డది నా ఒళ్లన్నమాట."

"ఒళ్లు కాదు, వాటి చుట్టూ ఉండేది..." ఆమె కుడి పాదం వైపు చూశాను. "పాదం తీసేయాలంటున్నాడు డాక్టరు. ఆలస్యమైతే కుళ్లు పైకి పాకుతుందట. నీకు లేనిపోని ఆశ పెట్టాను."

"చిన్నప్పుడు గౌను తొడిగేలోపే గుండీలు తెంపుకునేదానివి. ఇప్పుడు మారతావా ఏంటి?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆవిడ కుర్చీ జరుపుకుని, కట్టు కట్టిన కుడికాలు పక్కన పెట్టి, ఎడమకాలు ఒక్కదానితో తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది.

"నాకు సూది బెజ్జం ఆనడం లేదు. నువ్వెక్కించు" అంది. "ఒంటికాలు అలవాటయ్యేదాకా ఇంతే."

ఎక్కించాను. మళ్లీ తొక్కింది. మళ్లీ తెగింది.