పెన్సిల్ పేర్లు

"కంప్యూటర్లో నీ పేరు లేదమ్మా," అని గుమస్తా కిటికీలోంచి కాగితం వెనక్కి తోసేశాడు.

అచ్చియ్యమ్మ కదల్లేదు. "ముప్పయ్యేళ్ళ నించి సెరుకు ఏస్తన్నాను బాబూ. నా పేరు ఏటయిపోనాది?"

"సాగు చేసేది సత్యారావు గారని ఉంది. నేను రాశానా ఏంటి, మిషన్ ఇచ్చింది."

సత్యారావు ఆ భూమికి ఆసామి. విశాఖలో ఉంటాడు. ఆ గట్టు తొక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తుండదు. సోమవారం ట్రాక్టర్లు పంపిస్తున్నానని, కౌలుదార్లు పంటతో సహా నేల వదలాలని కబురు పెట్టాడు. సాగు కాగితం ఉంటే కౌలుదారు ఎదురు నిలబడొచ్చు. లేకపోతే సొంత చెరుకులో నిలబడ్డా దొంగతనమే.

కిటికీ వెనక అద్దాల గదిలో నాగవేణి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ పేరు తీసేసింది తనే.

కంప్యూటర్ కోర్సు చేసి, కాంట్రాక్టర్ శ్యాంప్రసాద్ కింద చేరి, ఊళ్ళ భూమి పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి చోడవరం తహసీల్దారు ఆఫీసుకి వచ్చి రెండు నెలలైంది. ఆ గదిలో ఏసీ మిషన్ ఆరోగ్యం కోసం, మనుషుల కోసం కాదు. ఊరివాళ్ళకి ఆమె ఆఫీసరు, ఆఫీసువాళ్ళకి బయటి పిల్ల. రోజంతా ఆమెతో మాట్లాడేది ఒక్క మిషనే. అదీ అవునా కాదా అని మాత్రమే అడిగేది. సాయంత్రం అద్దె గదిలో ఆ మాత్రం అడిగేవాళ్ళు కూడా లేరు.

ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్ పుస్తకంలో ఆసామి పేరు ఇంకుతో, సాగుదారు పేరు పెన్సిల్‌తో రాయడం పాత అలవాటు. ఇంకుతో రాస్తే హక్కు పుడుతుందని భయం. "పెన్సిల్ రాతలు టైపు కొట్టకు," అన్నాడు శ్యాంప్రసాద్. "గడి ఖాళీగా ఉంటే మిషన్ ముందుకెళ్ళదు. ఆసామి పేరే మళ్ళీ కొట్టెయ్." ఆమె కొట్టింది, చకచకా, తప్పుల్లేకుండా. మెచ్చుకున్నాడు కూడా.

ఆ సాయంత్రం నాగవేణి షేర్ ఆటో ఎక్కి అచ్చియ్యమ్మ ఊరు వెళ్ళింది. బెల్లం వండే పాకలో అరవై మంది కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ మిషన్ తగలెట్టేద్దారి," అన్నాడు బంగార్రాజు అనే కుర్ర రైతు.

"తగలెట్టి జైలుకెళ్ళు. సత్యారావు నీకు కేరేజీ పంపిస్తాడు," అన్నాడు కౌలురైతు సంఘం దాసు. "అర్జీ పెడదాం."

"అర్జీ ఆ గుంటే కొడతాది. కంప్యూటర్లో," అంది అచ్చియ్యమ్మ, నాగవేణిని చూపిస్తూ. పాకంతా నవ్వింది. నాగవేణి తప్ప.

"పుస్తకంలో పెన్సిల్ ఇంకా ఉంది," అంది ఆమె మెల్లగా. "రేపు సాయంత్రం మీ ఊరి పుస్తకం వీఆర్వోకి తిరిగిచ్చేస్తారు. ఆ తర్వాత ఎవరు రబ్బరు పెట్టినా అడిగేవాళ్ళుండరు."

అచ్చియ్యమ్మ తన బొటనవేలు కేసి చూసుకుంది. "పెన్సిల్ తుడిస్తే పోద్ది. ఏలిముద్ర పోద్దేటి?"

మర్నాడు, శనివారం పదకొండింటికి అరవై మందీ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. నాగవేణి పుస్తకం బయటికి తెచ్చి, గుమస్తా బల్ల మీది స్టాంపు ప్యాడు కూడా పట్టుకొచ్చింది. సర్వే నంబరు చదివింది, పెన్సిల్ పేరు చదివింది. "నానే," అంటూ ఒక్కొక్కరే వచ్చి పేరు పక్కన నీలం వేలు ఆనించారు.

శ్యాంప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు. "నీకు ఉద్యోగం లేదు. ఇంకెక్కడా దొరక్కుండా చేస్తా."

"సరే సార్," అని ఆమె తర్వాతి నంబరు చదివింది. ఒక్క నంబరూ తప్పు పోలేదు.

జీపు వచ్చేసరికి ముప్పై తొమ్మిది ముద్రలు పడ్డాయి. సర్కారు రికార్డు పాడుచేశారని ఎస్సై నాగవేణినీ దాసునీ పట్టుకున్నాడు. పుస్తకం సాక్ష్యం కింద తీసుకున్నాడు. కేసన్నాక ఏ గడిలో ఎవరి ముద్రో రాయాలి గదా. స్టేషన్ రైటరు ఇంకు పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు: సర్వే నంబరు, సాగు చేస్తున్న వ్యక్తి, పేరు.

"మేం కూడా ఏస్తాం, మావీ రాయండి," అని మిగిలిన ఇరవై ఒక్క మందీ స్టేషన్ గుమ్మంలో వరస కట్టారు.

"సోమవారం గట్టు మీద నిలబడ్డానికి కాగితం కావాలన్నాం," అన్నాడు దాసు. "పోలీసోళ్ళే రాస్తన్నారు."

ఆదివారం అచ్చియ్యమ్మ వాళ్ళంతా గట్ల మీద కాపలా ఉన్నారు. దాసుని లోపలి గదిలో పెట్టారు. ఆడవాళ్ళ గది లేదని నాగవేణిని వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమెని చూడ్డానికి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం రోలుగుంట వైపునించి ఆటో దిగి నలుగురు ఆడవాళ్ళు నేరుగా ఆమె దగ్గరికొచ్చారు. బాగున్నావా అనలేదు.

"మా ఊరి పుస్తకం కూడా నువ్వే కొట్టేవటే గుంటా?"

"కొట్టేను," అంది.

"ఏ గదిలో ఉందో సెప్పు."