తొమ్మిదో తరగతి కామెర్లు

ఎల్లారెడ్డికి నాలుగు మైళ్ల అవతలి హైస్కూలు వరండాలో సునీల పొద్దుటి నుంచి కూర్చునే ఉంది. శనివారం లోపల తొమ్మిదో తరగతి మార్కుల కాగితం చేతికి రాకపోతే, బిడ్డ ప్రియాంక పెట్టుకున్న దరఖాస్తు చెల్లదు.

ప్రియాంక కామారెడ్డి హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కెనడాలో ఒక యూనివర్సిటీ ఫీజు లేకుండా చదివిస్తుందంటే దరఖాస్తు పెట్టింది. పదో తరగతి నుంచి మార్కులు అడుగుతారనుకుంటే, వాళ్లు తొమ్మిది నుంచి అడిగారు. బోర్డు పరీక్ష లేని తొమ్మిదిని తండాలో ఎవరూ పట్టించుకోరు. సునీలా పట్టించుకోలేదు. అందుకే ఆ ఏడాది అంత ధైర్యంగా అబద్ధం చెప్పింది.

మూడేళ్ల కిందట, చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోవాల్సిన వారంలోనే భర్త సక్రు కాలు విరిగింది. ఆ పనికి జోడీలనే పెట్టుకుంటారు; ఒకరు కొడితే ఒకరు మోపు కట్టాలి. ఒంటి మనిషిని రానివ్వరు. సునీల బిడ్డను జోడీగా తీసుకుపోయి, బడిలో కామెర్లని చెప్పమని మరిదిని పంపింది. అర్ధసంవత్సరం పరీక్షలు రాయనేలేదు. చేతుల బొబ్బలు మానకముందే రాసిన వార్షిక పరీక్షలో డెబ్బై శాతం వచ్చే పిల్ల యాభై నాలుగుకు పడింది.

నిన్న ప్రియాంక తల్లికి ఫోన్ చేసింది. "యాడీ, నా గురించి రాయమంటే చెరకు సంగతి రాసిన. పంపిన గూడ."

అది వినగానే సునీలకు బడిలో చెప్పించిన మాట గుర్తొచ్చింది. బిడ్డ కాగితంలో చెరకు, బడి రిజిస్టర్లో కామెర్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు, అబద్ధం పిల్లదే అనుకుంటారు.

గుమాస్తా రాములు రిజిస్టరు తిరగేశాడు. "గింతదానికి ఏందమ్మా. అర్ధసంవత్సరం గడి ఖాళీగున్నది, అండ్ల డెబ్బై ఐదు ఏసిస్త. కెనడావోడు ఎల్లారెడ్డిల బస్సు దిగి చూస్తడా?"

"వద్దన్నా. రాయని పరీక్షకు మార్కులెందుకు. సార్‌తోని మాట్లాడాలె."

హెడ్మాస్టరు ఆశన్న అప్పట్లో ప్రియాంక క్లాసు టీచరు. రిజిస్టరు చూశాడు. "కామెర్లని నేనే రాసిన. రోగమంటే వాళ్లు గూడ జాలిపడ్తరు. ఉండనీ," అన్నాడు.

సునీల కొంగు చివర వేలికి చుట్టుకుంది. "కామెర్లు రాలే సారూ. నేనే చెరకుకు తోల్కపోయిన."

ఆశన్న కలానికి మూత పెట్టాడు. "కామెర్లకు మందని నేలఉసిరి పెరికి, మీ మరిదికిచ్చి పంపిన. యాదుందా?"

"ఉన్నది. మేకకేసిండ్రు."

"మేకకైన తగ్గిందా?"

"దానికి గూడ కామెర్లు లేకుండె సారూ."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. ఆ వెంటనే ముఖం గట్టిపడింది. "ఇప్పుడు మారిస్తే తప్పు రాసిండని నా మీదికొస్తది."

"చెప్పింది నేనని రాయుండ్రి. నా పేరు పెట్టుండ్రి. సంతకం చేస్త."

"బిడ్డను బడి మాన్పించిన తల్లివని చదువుతరు."

"సదవనీ. నన్ను గాదు గద వాళ్లు చేర్చుకునేది."

ఆశన్న తెల్లకాగితం తీసి, యూనివర్సిటీకి ఉత్తరం మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో రాస్తూ, ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించాడు. తండ్రికి కాలు విరిగినందున, తల్లికి పనిలో సాయపడటానికి వెళ్లి...

"సాయం గాదు సారూ," సునీల ఆపింది. "జోడీ. సగం పని అది చేసింది. ఎనిమిదో నాడు జరమొచ్చి నేను పడుకుంటే, కొట్టుడు గూడ అదే కొట్టింది. గట్లనే రాయుండ్రి."

ఆయన ఆ ముక్క కొట్టేసి మళ్లీ రాశాడు. మార్కుల కాగితంలో అర్ధసంవత్సరం గడిలో గైర్హాజరని వేశాడు. ఏడో తరగతితో బడి మానేసిన సునీల, ఉత్తరం కింద తన పేరు ఒక్కో అక్షరమూ ఒత్తి రాసింది. రాములు ముద్రలు వేశాడు.

మధ్యాహ్నం కామారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె బిడ్డకు ఫోన్ చేసింది. "కాగితం నేనే తెస్తున్న. వాళ్లు అడిగితే తడబడకు. నువ్వు రాసిందే బడోళ్లు గూడ రాసిండ్రు."